జాలీకి అంటుకున్న కాగితం

"రేడియేటర్ మూత తియ్యకు బాబూ! మొహం కాలిపోతుంది."

తమ్ముడు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గేటు ముందు పాత స్పోర్ట్స్ కారు బుసబుసా ఆవిరి కక్కుతోంది. అరిచిన పెద్దాయన రోడ్డు వారగా నిలబడి ఉన్నాడు. నలిగిన చొక్కా, అరిగిన చెప్పులు.

"మీ దారిన మీరు వెళ్ళండి పెద్దాయనా. నాలుగింటికి తుక్కు కొట్టు యజమాని వచ్చి దీన్ని తీసుకుపోతాడు," అన్నాడు తమ్ముడు.

పెద్దాయన కదల్లేదు. తమ్ముడి పక్కనే ఉన్న అక్కను అడిగాడు.

"ఎప్పుడు ఉడుకుతుందమ్మా?"

ఆమె చేతిలో అమ్మకం కాగితం ఉంది. సంతకం కూడా అయిపోయింది.

"పరుగులో బాగానే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వేడి చూపే ముల్లు ఎరుపులోకి పోతుంది. మా ఆయన ముప్పై ఏళ్ళు నడిపారు, ఒక్కనాడూ ఉడకలేదు. ఆయన పోయి నాలుగు నెలలు. నా చెయ్యి పడ్డాకే ఇలా..."

పెద్దాయన కారు ముందుకొచ్చి వంగి చూశాడు.

"ఫ్యాన్ స్విచ్ వెయ్యండి. ఆ కాగితం ఇలా ఇవ్వండి."

కాగితాన్ని కారు ముందున్న జాలీ దగ్గర పెట్టి వదిలాడు. అది ఎగిరి తమ్ముడి మొహానికి కొట్టుకుంది.

"ఫ్యాన్ ఎవరు మార్చారు?"

"నేనే. బావ పోయాక, అక్క బండి నేర్చుకుంటోందని కొత్తది తెచ్చి వేశాను."

"నల్ల తీగ బాడీకి కలిపావు."

"ఏ కారుకైనా అంతేగా!"

"ఈ కాలపు కార్లకి అంతే. ఈ వయసు బండ్లు కొన్నిటికి తిరగేసి, బ్యాటరీ ప్లస్సే బాడీకి కలిపి ఉంటుంది. నీ ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది. గాలిని లోపలికి లాక్కోవాల్సింది బయటికి తోసేస్తోంది. పరుగులో ఎదురుగాలి కాపాడింది."

అక్క గొంతు సన్నగా పలికింది.

"అయితే... తప్పు నా చేతిది కాదా?"

"కాదమ్మా. మీ తమ్ముడి చేతిది."

"అక్కా, నన్ను కూడా తుక్కు కింద వేసెయ్!"

ఈ నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె నవ్వింది.

పెద్దాయన రెండు తీగలూ మార్చి కలిపాడు. ఈసారి కాగితం జాలీకి అతుక్కుపోయింది.

ఇంజను చల్లారేదాకా అరగంట అరుగు మీదే కూర్చున్నాడు. ఈలోపు నాలుగు దాటడంతో తమ్ముడు తుక్కు కొట్టుకు ఫోన్ చేశాడు.

"మా యజమాని ఎప్పుడో బయల్దేరారండీ," అన్నారు అవతల.

"పెద్ద మనిషి! టైమంటే లెక్కే లేదు," విసుక్కున్నాడు తమ్ముడు.

పెద్దాయన లేచి, నీళ్ళు పోయించి, మూత బిగించాడు. జాలీ మీది కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు.

"అదేంటి! అది యజమానికి ఇవ్వాల్సిన కాగితం!" అన్నాడు తమ్ముడు.

"ఏమీ అనుకోడులే. సిగ్నల్ దాకా వెళ్ళి చూసుకోండి."

"మీరేం చేస్తుంటారు?" అక్క అడిగింది.

"పాత బండ్ల పనేనమ్మా."

వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. మంచినీళ్ళయినా ఇవ్వలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం. తొంభై సెకన్లు.

ఆమె కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి. అరవై. నలభై. ఇరవై. ముల్లు మధ్యలోనే నిలబడింది. స్టీరింగ్ మీద బిగిసిన వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి.

"అక్కా... పక్కకి చూడు."

పక్క వరుసలో, పాత కార్లను ఎత్తుకుపోయే క్రేన్ బండి ఆగి ఉంది.

తలుపు మీద తమ్ముడు ఇందాక ఫోన్ చేసిన నంబరే ఉంది.

పచ్చ దీపం వెలిగింది. ఖాళీ కొక్కెం ఊపుకుంటూ క్రేన్ మరో దారిన మళ్ళింది, స్టీరింగ్ వెనక నుంచి నలిగిన చొక్కా పెద్దాయన ఆమెకు చెయ్యి ఊపాడు.