లావెక్కే అక్షరాలు

చూపులు తగిలేకొద్దీ బోర్డుల మీద అక్షరాలు లావెక్కే కాలం వచ్చింది. చీరాల బజారులో సాంబశివం తన కొట్టుకూ అలాంటి బోర్డే పెట్టించాడు: 'నాంచారి గొడుగులు'. బొద్దుగా నిగనిగలాడే ఆ అక్షరాలకు దిష్టి తగులుతుందని, భార్య నాంచారి పక్కనే ఓ దిష్టిబొమ్మ కట్టింది. జనం చూపులన్నీ బొమ్మకే పోయాయి. అక్షరాలు చిక్కి పుల్లలయ్యాయి, బేరాలు పడిపోయాయి.

ఆమె మనసు నొప్పించలేక సాంబశివం బొమ్మ జోలికి పోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి తనే బోర్డుకేసి చూస్తూ నిలబడేవాడు.

ఓ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన నాంచారి తలెత్తి చూసింది.

"ఇదేందయ్యా, నా పేరొక్కటే ఇంత లావుగా ఉంది? గొడుగులు పీలగానే ఉండాయే."

"చూపు అక్కడ్నించి కదలకపోతే నేనేం చేసేది?" అన్నాడు సాంబశివం, మెడ రుద్దుకుంటూ.

నాంచారి క్యారేజీ పక్కన పెట్టింది. తర్వాత స్టూలెక్కి బొమ్మ విప్పింది.

"రేపట్నించి గొడుగుల్ని నేనొచ్చి చూస్తాలే."