మూడో ప్రకటన

చర్చికి ఒకటే తలుపు. ఆ తలుపు పక్కన బెంచీ మీద వీరభద్రం కూర్చుని ఉన్నాడు.

ఆడవాళ్ళ చాప మీద నుంచి శకుంతల మెడ తిప్పి అటే చూసింది. మార్నింగ్ షోకి పోతున్నానని ఇంట్లో చెప్పి వచ్చింది. ఇప్పుడు బయటికి పోవాలంటే కన్నతండ్రి మోకాళ్ళు దాటుకుని పోవాలి.

పది నిమిషాల క్రితం దాకా ఎంత బాగుంది! చర్చిలో అడుగు పెట్టడం ఆమెకు ఇదే మొదలు. గుమ్మంలో గంట కొట్టబోయి చెయ్యి పైకెత్తింది. అక్కడ గంట లేదు. ఎత్తిన చేత్తో జడ సవరించుకుని లోపలికి వచ్చేసింది. రంగుటద్దాల కిటికీలోంచి పడిన ఎండ ముందు వరుసలో ఒకాయన బట్టతలను ఆకుపచ్చగా చేసింది. నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంది. ఆ పక్కనే హార్మోనియం ముందు దేవదానం. ఆమెను చూడగానే ఒక మెట్టు తప్పు నొక్కాడు. దానికి ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది.

అదే సంతోషంలో వెనక్కి తిరిగింది. తండ్రి కనిపించాడు.

"ఎన్కకేం జూస్తానవ్ బిడ్డా? జర సక్కగ కూసో," అంటూ పక్కనున్న ముసలామె శకుంతల కొంగు లాగి తల మీద కప్పింది. ఆమె పేరు చిలుకమ్మ. చాప మీద చోటిచ్చేటప్పుడే పేరూ ఊరూ చెప్పేసింది.

"అవ్వా, నేను బయటికి పోతా. తల తిరుగుతాంది."

"ఏం తినకుంట వచ్చినవా? పాట అయినంక అదే తగ్గుతది." చిలుకమ్మ ఒక చేత్తో విసనకర్ర తీసి విసురుతూ, రెండో చేత్తో శకుంతల మోచెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిది. అటువైపు గోడ. ముందూ వెనకా సందు లేకుండా ఆడవాళ్ళు.

"ఇయ్యాల లేసిపోతె ఎట్ల? మన దేవదానం పెండ్లి ప్రకటన ఉన్నది. మూడోది. ఎవలకన్న అభ్యంతరమున్నదా అని అయ్యగారు మూడుసార్లు అడుగుతడు. ఎవ్వలు లేవకుంటె బేస్తారం నాడు పెండ్లి."

"లేస్తే?"

"లేస్తె ఆగుతది." చిలుకమ్మ గొంతు తగ్గించింది. "చౌరస్తల బట్టల దుకాణమోల్ల పిల్లనట. జర మెల్లకన్నట."

"ఎవలు జెప్పిండ్రు?" శకుంతల చటుక్కున అంది.

"నీకెందుకు గంత కోపం?"

శకుంతల తల దించుకుంది. నెల కిందట పాస్టరు గారు తన ఇంటి వరండాలో అన్న మాట గుర్తుకొచ్చింది. "నువ్వు బీఏ చదివినదానివి, మేజరువి, నిజమే. కానీ మీ నాయిన వచ్చి కాదంటే మాత్రం నేను జెయ్యనమ్మా."

మొదటి రెండు ఆదివారాలూ ఎవరూ లేవలేదని దేవదానం చీటీ పంపాడు. మూడోసారైనా తన పేరు ఇక్కడ ఎలా వినిపిస్తుందో చెవులారా వినాలనిపించింది. ఆ ముచ్చటే కొంప ముంచింది. తను బయల్దేరడం చూసి నాయిన వెంబడి వచ్చి ఉంటాడు.

అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. శకుంతల ఒక కన్ను తెరిచి చూసింది. వీరభద్రం కళ్ళు మూసుకోలేదు. చెప్పులు కూడా విప్పలేదు. కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆమెను చూశాడు. గేటు వైపు చూశాడు. చేతికున్న హెచ్చెమ్టీ గడియారం చూసుకున్నాడు. మళ్ళీ ఆమెను చూశాడు. దుకాణంలో ఎంత పెద్ద బేరమైనా తొణకని మనిషి. అలా చెమటలు పట్టడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ప్రసంగం సాగింది. ఇంకా సాగింది. శకుంతల కాళ్ళు తిమ్మిరెక్కాయి.

చివరికి పాస్టరు గారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం విప్పారు.

"మన సంఘంలోని దేవదానానికీ, వరంగల్ వాస్తవ్యులు వీరభద్రం గారి కుమార్తె శకుంతలకూ వివాహం నిశ్చయమైంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి."

తన పేరు ఎలా వినిపించిందో శకుంతలకు తెలియనే లేదు. చెవుల నిండా గుండె చప్పుడే.

ఎవరో దగ్గారు. ఒక చంటిపిల్ల కేరింది. అంతే.

"రెండోసారి అడుగుతున్నాను. ఎవరికైనా అభ్యంతరం..."

బెంచీ కిర్రుమంది. వీరభద్రం లేచి నిలబడ్డాడు.

"ఇగో, లేవనే లేసె!" అంది చిలుకమ్మ.

తలలన్నీ అటు తిరిగాయి. దేవదానం చెయ్యి హార్మోనియం మీద పడి, ఒక మూలుగు లేచి ఆగిపోయింది.

"పెద్దాయనా, మీరెవరు?" అన్నారు పాస్టరు గారు.

"పిల్ల నాయినను."

పాస్టరు గారి మొహం వాడిపోయింది. కళ్ళజోడు తీసేశారు. కాగితాన్ని నెమ్మదిగా మడిచారు. "అయితే చెప్పండి. మీ మాట కాదని నేనేం చెయ్యను."

శకుంతల లేవబోయింది. తిమ్మిరెక్కిన కాళ్ళు లేవలేదు. చిలుకమ్మ ఒకసారి వీరభద్రాన్నీ, ఒకసారి ఈ పిల్లనూ చూసి, పట్టుకున్న మోచెయ్యి వదిలేసింది. ఇక పోవడానికి దారీ లేదు, దాక్కోవడానికి చోటూ లేదు. శకుంతల కళ్ళు గట్టిగా మూసుకుంది.

వీరభద్రం ఇంకోసారి రోడ్డు వైపు చూసి, గబగబా చేతులు జోడించాడు.

"అయ్యగారూ, ఈ పెండ్లి ఆపుతమని బయలెల్లిన మా బామ్మర్దులు నలుగురిని గోదాంల పెట్టి తాళమేసొచ్చిన, ఆళ్ళు తలుపు ఇరగ్గొట్టకముందే గా మూడోసారి జల్ది అడుగుండ్రి!"