ఆముదం పూసిన వింటితాడు

"ఏయ్, విల్లు మీద చెయ్యి తియ్యి!"

వెంకటప్ప తమిళంలో అరిచిన అరుపుకు తమిళనాడులోని ధర్మపురి మైదానంలో సగం మంది తిరిగి చూశారు.

గోడకు ఆనించిన వెదురు విల్లు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. వెలిసిపోయిన చీర, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. తాడు విప్పబోతున్నదల్లా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎక్కుపెట్టిన విల్లును ఎండలో ఉంచకూడదన్నా. వెదురు బిగువు పోతుంది," అంది మెల్లగా, తమిళంలోనే.

"నా కూతురి విల్లు. నా ఇష్టం!"

ఆమె పోయి కానుగ చెట్టు కింద కూర్చుంది.

వెంకటప్ప కూతురి వైపు తిరిగి తెలుగులోకి మారాడు. అది ఇంట్లో మాట్లాడే భాష. ఊరు దాటితే ఎవరికీ అర్థం కాదని ఆయన ధీమా.

"మైదానం ఊడ్చేదానికి వచ్చినట్టుండాది. దాని చూపు చూసినావా? దిష్టి తగుల్తాది. నువ్వు అటు చూడొద్దు అమ్మణ్ణీ."

"మెల్లగా నాయనా," అంది మోహనప్రియ.

మెల్లగానా! మహేంద్రమంగళంలో బస్సెక్కినప్పటి నుంచీ ఆయన కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వెదురు విల్లు పోటీలో జిల్లా నుంచి రాష్ట్రానికి ఒక్క ఆడపిల్లనే పంపుతారు. వచ్చే ఏడాదికి మోహనప్రియకు వయసు దాటిపోతుంది. ఇవాళ కాకపోతే ఇక ఎప్పటికీ లేదు.

పాయింట్ల బోర్డు మీద అందరికంటే పైన తేన్మొళి అనే పేరుంది. నీలం చొక్కా వేసుకున్న ఆ అమ్మాయి తన బాణాలన్నీ వేసేసి తోటి పిల్లలతో నవ్వుతూ తిరుగుతోంది. ఇక మిగిలింది మోహనప్రియ ఒక్కతే.

"ఆ పిల్లను దాటాల. అంతే," అన్నాడు వెంకటప్ప.

టీ తెచ్చుకున్నాడు. తాగకుండానే పారబోశాడు. మళ్ళీ పోయి బోర్డు చూసొచ్చాడు.

మోహనప్రియ విల్లు తీసి లాగి చూసింది. వెంటనే ముఖం పాలిపోయింది. బాణం కూర్చే చోట తాడుకు చుట్టిన సన్నదారం వదులై జారుతోంది. వేళ్ళకు జిడ్డు అంటుకుంది.

"నాయనా, తాడుకు ఏం పూసినావు?"

"ఆముదం. బావి మోకుకు పూస్తామే, అట్లే. బాగా పట్టించినాను."

"అయ్యో! ఇది మోకు కాదు నాయనా. దీనికి మైనమే పూయాల. నూనె తగిలితే బాణం నిలవదు!"

"తుడిచేస్తే సెరిపోతాది, ఇటివ్వు."

తుడవబోతే దారం ఊడి చేతికొచ్చింది.

"సంచిలో ఇంకో తాడు పెట్టినాను కదా, ఏదీ?"

వెంకటప్ప చేతిలోని దారం వైపు చూశాడు.

"పాతదేమో అనుకోని... చిక్కుడు పందిరికి కట్టేసినాను."

మైకులో పిలుపు వినిపించింది. "మోహనప్రియ, సిద్ధం కావాలి."

ఆయన పరుగెత్తాడు. కనిపించిన వాళ్ళనల్లా అడిగాడు. ఒకరు పొడవు సరిపోదన్నారు. ఇంకొకరు అన్నీ మూట కట్టేశామన్నారు. ఇంతకాలం పిల్ల పడ్డ పాటంతా తన చేత్తో తానే నేలపాలు చేశానని ఆయనకు ఏడుపొచ్చింది.

"అన్నా, దీన్ని కట్టుకోండి."

తెలుగు! వెంకటప్ప ఉలిక్కిపడ్డాడు. కానుగ చెట్టు కింది ఆవిడే. చేతిలో మైనం పట్టించిన తాడు.

"నీకు... తెలుగొస్తాదా?"

"ఇంట్లో మేమూ అదే మాట్లాడేది."

అయితే దిష్టి మాట కూడా విన్నదన్నమాట. ఆయనకు తల కొట్టేసినట్టయింది. అయినా అనుమానం ఊరుకోనివ్వలేదు.

"ఇది ఎక్కడిది? మాకెందుకు ఇస్తావు?"

ఆమె ఒక్క క్షణం బోర్డు వైపు చూసింది.

"పాప బాణాలు ఏసి ఓడిపోతే పోనీ అన్నా. తాడు లేక ఓడిపోకూడదు."

మోహనప్రియ తాడు అందుకుంది. "పొడవు సెరిపోతాదా అక్కా?"

"మీ విల్లు చూసినాను కదా పాపా. ఇంకా రెండు మెలికలు తిప్పు, సెరిపోతాది."

తాడు సరిగ్గా కూర్చుంది. ఆమె దాన్ని బొటనవేలితో ఒకసారి పొడవునా రుద్ది, "పో తల్లీ, బాగా ఏసిరా," అని పంపింది.

వెంకటప్ప చూడలేకపోయాడు. నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయాడు, వచ్చాడు, మళ్ళీ పోయాడు. చివరి బాణానికి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

చప్పట్లు వినబడ్డాకే తెరిచాడు.

ఒక్క పాయింటు ఎక్కువ! బోర్డు మీద తేన్మొళి పేరు కిందికి దిగింది.

"గెలిచినాను నాయనా!"

కూతుర్ని పట్టుకుని ఆయన నవ్వాడు, ఏడ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది.

"ఆ తల్లి ఏదీ? నోటికొచ్చినట్టు తిట్టినానే! కాళ్ళు పట్టుకున్నా తప్పులేదు."

చెట్టు కింద ఎవరూ లేరు. తాడు విప్పించుకుని గేటు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ ఊడుస్తున్న వాళ్ళను అడిగితే, అలాంటి మనిషి తమలో లేదన్నారు.

రోడ్డు మీద బి. మల్లాపురం బస్సు కదులుతోంది. కిటికీలో ఆమె కనిపించింది.

"అక్కా! నీ తాడు!" వెంకటప్ప బస్సు పక్కనే పరుగెత్తాడు.

"పాపకే ఉంచన్నా! పెద్ద పోటీకి రెండు తాళ్ళు ఉండాల!"

ఆమె ఒక చెయ్యి బయటికి ఊపుతూనే, "ఒక్క పాయింటే కదమ్మా..." అని రెండో చేత్తో తన ఒళ్ళో వెక్కి వెక్కి ఏడుస్తున్న తేన్మొళి తల నిమురుతోంది.