పై అర

"నీ గుండెల మీద కత్తి పెడుతున్నారని నా తమ్ముడు చెబితేగాని నాకు తెలియదా?"

పెయింటరు మంచం మీద లేవబోయి ఆగిపోయాడు. ఒంటి మీద ఆసుపత్రి గౌను, కుడివైపు ఛాతీ మీద నర్సు పెన్నుతో పెట్టిన గుర్తు, రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ఎరగని నోరు. ఎదురుగా భార్య. ఆమె వెనక, తలుపు చాటున బావమరిది. వాడి నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా వాణ్ణే తోడు తెచ్చుకోవడం తన బుద్ధితక్కువ.

పొరుగూళ్ళో సినిమా హాలు సీలింగు పని ఉంది, వారం దాకా రానని ఆమెకు చెప్పి వచ్చాడు. అసలు సంగతి వేరు. చెయ్యి పైకెత్తితే చాలు, వేళ్ళు తిమ్మిరెక్కి చల్లబడిపోతున్నాయి. రోలరు చేతిలో ఉందో జారిపోయిందో కళ్ళతో చూసుకుంటేగాని తెలియడం లేదు. ఎప్పుడూ చేతులు పైకెత్తి చేసే పని కదా, ఛాతీలో ఒక చిన్న కండ బిగుసుకుపోయి చేతికి వెళ్ళే నరాలను నొక్కేస్తోందని, దాన్ని కోసి వదులు చేయాలని డాక్టరు చెప్పాడు.

"భయపడతావని చెప్పలేదే," అన్నాడు గొంతు తగ్గించి.

"భయమేం లేదు. ఒళ్ళు మండుతోంది, అంతే. బతికి ఇంటికి రా, నీ సంగతి చెప్తాను."

చెప్తానన్న మనిషి, తీరా ఇంటికొచ్చాక నోరే విప్పలేదు. వేళకు అన్నం పెట్టింది, మందులు చేతిలో పోసింది, కట్టు తడవకుండా ఒళ్ళు తుడిచింది. అన్నీ చేసింది, పెదవి మాత్రం కదపలేదు. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది. మెడకు వేలాడేసిన పట్టీలో చెయ్యి, ఇంటినిండా ఆమె మౌనం. రెండింట్లో ఏది ఎక్కువ బరువో చెప్పడం కష్టం.

ఆసుపత్రికి మళ్ళీ రమ్మన్న రోజున ఆమె కూరలకు వెళ్ళిన సమయం చూసి, ఒక్కడే ఆటో ఎక్కి వెళ్ళాడు. కసరత్తులు చేయించే డాక్టరమ్మ పట్టీ తీసేసింది. బరువులెత్తొద్దు గానీ చెయ్యి మాత్రం రోజూ ఆడించాలంది. గోడ మీద వేళ్ళు పాకిస్తూ కొద్దికొద్దిగా పైకి తీసుకెళ్ళమంది. భయపడి కదపకుండా కూర్చుంటే కోసినచోట మళ్ళీ అతుక్కుపోయి, చెయ్యి భుజం దాటి లేవదని గట్టిగానే చెప్పింది. సీలింగు అందని పెయింటరును ఎవరు పిలుస్తారు? అది అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా అక్కడే ఒకసారి ఎత్తి చూస్తే కుట్లు పటపటా తెగిపోతున్నట్టే అనిపించి, చెమటలు పట్టి దించేశాడు. ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. డాక్టరమ్మ చెయ్యి అస్సలు కదపొద్దంది అని అబద్ధం చెప్పాడు.

"మళ్ళీ చెప్పకుండానే వెళ్ళావన్నమాట," అంది ఆమె.

మర్నాడు పొద్దున లేచేసరికి అతని సామానంతా కనబడలేదు. టీ గ్లాసు, దువ్వెన, కళ్ళజోడు, సబ్బు, ఆఖరికి తువ్వాలు కూడా ఒక వెడల్పాటి పళ్ళెంలో సర్ది, వంటింటి గోడకు అన్నిటికంటే పైనున్న అరలో పెట్టింది. ఎడమచేత్తో లాగబోతే పళ్ళెం ఒరిగి, దువ్వెన నెత్తి మీద పడింది. దించి ఇమ్మని అడిగాడు.

"ఆపరేషన్‌కి ఒక్కడివే వెళ్ళగలిగినవాడివి. పళ్ళెం దించుకోలేవా?"

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. కోసిన గాయం ఆరకముందే ఇంత కక్షా అనుకున్నాడు. కుర్చీ ఎక్కి దించుకోవచ్చు, కానీ ఆమె ఎదుట కుర్చీ ఎక్కడమంటే ఓడిపోయినట్టే. పళ్ళు బిగించి, ఎడమచేత్తో పళ్ళెం అంచు పట్టుకుని, కుడిచేతిని గోడ వెంబడి మెల్లగా పాకించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు టీ చల్లారిపోయాకే తాగాడు. ఆమె ఓరకంట చూస్తూనే ఉంది గానీ కదల్లేదు. దించుకున్న సామాను దించుకున్నట్టే మళ్ళీ పైకెక్కించేది. అతను లోలోపల ఆమె పుట్టింటి వాళ్ళందరినీ వరసపెట్టి తిట్టుకుంటూ మళ్ళీ దించుకునేవాడు. కొన్నాళ్ళకు కోపం తగ్గలేదు గానీ టీ వేడిగానే తాగుతున్నాడు.

తర్వాతిసారి ఆసుపత్రికి బయల్దేరితే, ఆమె అతనికంటే ముందే ఆటోలో ఎక్కి కూర్చుంది. డాక్టరమ్మ చెయ్యెత్తమంది. ఎత్తాడు. చెయ్యి భుజం దాటింది, చెవి దాటింది, నిటారుగా నిలబడింది. వేళ్ళలో తిమ్మిరి లేదు. డాక్టరమ్మ మురిసిపోయి, కసరత్తులు బాగా చేశారని మెచ్చుకుంది. అతను సిగ్గుపడి నిజం ఒప్పుకున్నాడు. కసరత్తులేవీ చేయలేదని, ఇంట్లో ఈవిడ పెట్టిన బాధే ఇదంతా అని పళ్ళెం సంగతి మొత్తం చెప్పాడు.

డాక్టరమ్మ నవ్వి, భార్య వైపు తిరిగింది. "భలే ఉపాయం చేశారమ్మా. మొండికేసేవాళ్ళకు మేం చెప్పేది కూడా ఇదే. చెయ్యి లేవాలంటే వస్తువులు పైన పెట్టడమే మందు."

పెయింటరు ఇన్నాళ్ళూ తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి తలెత్తలేకపోయాడు. ఆవిడ మనసు తెలుసుకోలేని మూర్ఖుణ్ణి అనుకుంటూ, బాగుపడిన ఆ చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకోబోయాడు.

ఆమె విసురుగా చెయ్యి లాక్కుని డాక్టరమ్మతో అంది: "ఈ ముక్క ముందే చెప్పి ఉంటే, అన్నీ నేల మీదే పెట్టేదాన్ని కదమ్మా!"