అంతోని చేతిలో బాబు

అమీర్‌పేట చర్చిలో పునీత అంతోని విగ్రహం చేతిలోని బాలయేసు బొమ్మ మాయమైంది. ఉపదేశం చెప్పే సెలీనా టీచర్‌కు నవ్వొచ్చింది. పునీతులు మన తరఫున దేవుణ్ణి అడుగుతారని, పోయిన వస్తువును అంతోని వెతికిచ్చేదాకా తన అమ్మమ్మ ఆయన చేతిలోని బాబును దాచేసేదని కిందటి ఆదివారం పిల్లలకు చెప్పింది తనే.

"ఎవరు తీశారు?"

పిల్లల్లోంచి జెసింత లేచి, సంచిలోంచి ఊలు టోపీ తొడిగిన బొమ్మను తీసింది.

"నేనే టీచర్. మస్తు మంచిగ చూస్కుంటున్న."

టీచర్ చెయ్యి చాచింది. "ఏం పోయిందే నీది?"

"మా తమ్ముడు. మొన్న పంజగుట్ట దవాఖానల పుట్టంగనే సచ్చిపోయిండు. వాణ్ణి ఇస్తే గీ బాబుని ఇచ్చేస్త. టోపీ సుత వానిదే, అమ్మ అల్లింది."

బొమ్మ కోసం చాచిన చేత్తో టీచర్ ఆ టోపీ దారాన్ని సరిగ్గా ముడి వేసింది.