కుందేలుకు పడని రోజు

శవపెట్టె మోయాల్సిన ఎనిమిది మందిలో ఒకడికి ఆ పొద్దున్నే కాలు మడతపడింది.

మావ్‌లిన్ తలకు తెల్లగుడ్డ చుట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. తల్లిని మధ్యాహ్నం లోపల కొండపైన పూడ్చాలి. ఆ గడియ దాటితే మళ్ళీ మంచిరోజు పదకొండు రోజులకు గాని లేదు. ఎండలు చూస్తే మండిపోతున్నాయి. మోసే వయసు వాళ్ళంతా పట్నం ఫ్యాక్టరీల్లో ఉన్నారు. మిగిలింది ఏడుగురు ముసలివాళ్ళు.

అప్పుడొచ్చాడు ఆ మనిషి.

అరవై ఏళ్ళుంటాయి. వెడల్పాటి భుజాలు. బురద బూట్లు గడప బయట విప్పి లోపలికి తొంగిచూశాడు.

"మూత వేసేస్తున్నారా?"

"ఆఁ. ఎవరు మీరు?"

"గట్టు అవతలి ఊరు. ఒక్కసారి ముఖం చూడొచ్చా?"

"మా అమ్మ మీకు తెలుసా?"

"చిన్నప్పుడు తెలుసు."

చావు భోజనాలకు వచ్చేవాళ్ళంతా ఆ మాటే అంటారు. మావ్‌లిన్ అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. చొక్కా అంచు కింద నడుముకు ఎర్రగుడ్డ కనబడింది. ఏళ్ళకూ రోజులకూ పన్నెండు జంతువుల పేర్లుంటాయి; తాము పుట్టిన జంతువు ఏడు మళ్ళీ తిరిగొస్తే అలా కట్టుకుంటారు. ఇది కుందేలు ఏడు.

"మీది కుందేలా?"

"అవును."

"అయితే కుదరదు. ఇవాళ కోడి రోజు. కుందేలుకు పడదు. పెట్టెలోకి చూస్తే కీడు మీకే. బయటికి పదండి."

అతను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. లోపల మేకులు కొట్టిన చప్పుడు వినబడినంతసేపూ నేలకేసి చూస్తూనే ఉన్నాడు.

మోసేవాళ్ళలో పెంగ్ అనేవాడు కోతి ఏట పుట్టాడు. వాడి నోరు ఊరుకోదు.

"ఇంత మనిషివి కుందేలా పెద్దాయనా? మీ అమ్మ ఏడు మరిచిపోయి ఉంటుంది. నువ్వు ఎద్దువే!"

"మా అమ్మ మరిచిపోలేదు."

"కుందేలేలే. గదమగానే పక్కకు తప్పుకున్నావుగా. అసలు ఎద్దు మా మావ్‌లిన్. కొమ్ములు విరిగినా తల వంచడు."

"నోరు ముయ్యరా కోతీ!" అన్నాడు మావ్‌లిన్.

"ఒక మనిషి తక్కువున్నట్టుంది" అని, ఎవరూ పిలవకుండానే అతను మోతకర్ర వెనక కొసకు వెళ్ళాడు.

"ఎక్కుడు దారిలో బరువంతా అక్కడే పడుతుంది" అన్నాడు పెంగ్. "ఉరుము ఉరిమితే వదిలేసి పొదలోకి దూరవు కదా?"

"వదలను."

వదల్లేదు. మిగతావాళ్ళు మలుపు మలుపుకూ భుజం మార్చుకున్నారు. అతను మార్చుకోలేదు.

ఏటవాలు దగ్గర పెట్టె దించి ఊపిరి పీల్చుకున్నారు. ఆచారం ప్రకారం మావ్‌లిన్ ఒక్కొక్కరి ముందూ మోకరిల్లి నేలకు తల ఆనించాడు. కొత్త మనిషి దగ్గరికి వచ్చి మోకాలు వంచాడో లేదో, ఒక చెయ్యి చంకకింద పట్టి పైకి లేపేసింది.

"నాకొద్దు."

"మోసినవాళ్ళకు చెయ్యాలి. ఆచారం."

"నాకొద్దన్నాను కదా."

మావ్‌లిన్‌కు కోపం వచ్చింది. మర్యాద తెలియని మనిషి అనుకున్నాడు.

గొయ్యి దగ్గరికి చేరేసరికి ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ముహూర్తాలు పెట్టే తాన్ తాత చెయ్యెత్తాడు.

"పెట్టె దిగుతోంది! కుందేలు ఏటివాళ్ళు వెనక్కి తిరగండి!"

గుంపులో ముగ్గురు గబగబా వెనక్కి తిరిగారు. మావ్‌లిన్ కూతురు హేయాన్‌దీ కుందేలు ఏడే. ఆమె కూడా తిరగబోయింది.

"నువ్వెందుకమ్మా?" అన్నాడు తాన్ తాత. "నీ నాయనమ్మే కదా. సొంత రక్తానికి ఈ పట్టింపు లేదు."

ఆమె ఆగిపోయి గొయ్యికేసి చూసింది.

"పెద్దాయనా, నీకే చెప్పేది!" పెంగ్ కేకేశాడు. "తాడు నాకిచ్చి అటు తిరుగు!"

ఆ మనిషి తాడు ఇవ్వలేదు. ముఖం తిప్పలేదు. పెట్టె నేలకు ఆనేదాకా మెల్లగా, మెల్లగా దింపాడు.

కిందికొచ్చి చేతులు కడుక్కుని అందరూ బల్లల చుట్టూ కూర్చున్నారు. పొగబెట్టిన పందిమాంసం, తోఫూ, మొక్కజొన్న సారా వచ్చాయి.

"మన కుందేలేదిరా?" అన్నాడు పెంగ్.

"అటునుంచి అటే పోయాడు. నీళ్ళు కూడా తాగలేదు" అన్నారెవరో.

మావ్‌లిన్ మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. తిండికొచ్చిన మనిషి తినకుండా పోతాడా?

"చెబితే విన్నాడు కాదు. మన ఇంటి చావుకొచ్చి కీడు తగిలించుకుంటే ఆ పాపం మనది. ఎవరైనా వెంటపడి ఇంత సారా పోసి రండి, దోషం పోతుంది."

"ఆయనకేం కాదు నాన్నా" అంది హేయాన్.

"నీకేం తెలుసు?"

"నేను తాత చెబితే వెనక్కి తిరక్కుండా ఆగాను. ఆయన ఎవరూ చెప్పకుండానే ఆగాడు."

తాన్ తాత గిన్నెలోంచి ఎత్తిన ముక్కను మళ్ళీ గిన్నెలోనే పెట్టేశాడు.

"మీ అమ్మకు ఈ ఇంట్లో జరిగింది రెండో పెళ్ళి, మావ్‌లిన్. మా నాన్నే ముహూర్తం పెట్టాడు. గట్టు దాటి ఒక్కతే నడిచొచ్చింది. దారి పొడుగునా వెనక్కి చూస్తూనే వచ్చిందట. ఎందుకని ఎవరం అడగలేదు."



మావ్‌లిన్ లేచి వీధి చివరిదాకా పరుగెత్తాడు. గట్టుమీది దారిలో ఎవరూ కనబడలేదు, అయినా యాభై ఏళ్ళ బతుకులో మొదటిసారి "అన్నయ్యా" అని పిలిచాడు.