గోళ్ల కింద మట్టి

"చేతులు జర చూపియ్యి బిడ్డా," అంది మెదక్ దవాఖానలో నర్సు ఎలిశిబా.

ఏడో నెల గర్భిణి యాదలక్ష్మి పిడికిళ్లు విప్పలేదు. ఎల్దుర్తి నుంచి వెంట వచ్చిన అత్త కిష్టవ్వే ఆ వేళ్లను బలవంతంగా విప్పింది. గోళ్లు పాలిపోయి, చెంచాల్లా నడుమ గుంటలు పడ్డాయి. వాటి కింద ఎర్రమట్టి ఉంది.

ఎలిశిబా ఆమె తల నిమిరితే వెంట్రుకలు చేతికొచ్చాయి. కనురెప్ప కిందికి లాగితే లోపలంతా తెల్లగా ఉంది.

"ఏం తింటున్నవ్?"

"మూడు పూటలు పెడుతున్న సిస్టరమ్మా," కిష్టవ్వ అందుకుంది. "అయినా దొంగతనంగ గోడమట్టి తింటది. నిన్న రెండు దెబ్బలేసిన. గిదేం బుద్ధో!"

"బుద్ధి గాదు పెద్దమ్మా, జబ్బు. ఒంట్ల రక్తం తక్కువైతే మట్టి మీదికి మనసు గుంజుతది. మందులిస్తే తగ్గుతది."

కిష్టవ్వ కోడలి పక్కన మంచం మీద కూలబడింది.

"నేను గూడ తిన్న," అంది. "మా అత్త నాలికె మీద వాత పెట్టింది. ఇద్దరు పిల్లలు కడుపులనే పోయిండ్రు. ఊరంత నన్నే అన్నరు. జబ్బని ఒక్కలు జెప్పలే."



యాదలక్ష్మి మెల్లగా అడిగింది. "ఆడపిల్లలా అత్తా, మగపిల్లలా?"

"నాకు చూపియ్యలే బిడ్డా," అంది కిష్టవ్వ.